కాలు తీసినా ఆగని బండి

మూసీ వంతెన దిగుతూ ఒక ఎర్రటి కారు శివయ్య అనే బేగంబజార్ హమాలీని గుద్ది చంపింది. ఆ పొద్దు స్టీరింగు పట్టుకున్నది మెకానిక్కు మహేందర్ తమ్ముడు నందు. కారు మాత్రం కార్వాన్‌లో పేరున్న వకీలు రంగనాథ్ గారిది. ఆయన తండ్రి మోజుపడి ఓడలో తెప్పించుకున్న రెండు సీట్ల విలాయతీ బండి, పైకప్పు లేనిది. పెట్రోలు పోయించుకు రమ్మంటే నందు ఖాళీ రోడ్డు చూసి రేసు పెట్టాడని జనం చెప్పారు. ఇంజను అరుపు అవతలి గట్టుదాకా వినిపించిందన్నారు. బండిని పరీక్షించినవాళ్లు బ్రేకులు బాగానే ఉన్నాయన్నారు. పెద్ద సెక్షను పడింది, జామీను రాలేదు, నందు జైల్లోనే ఉండిపోయాడు. నందు తరఫున కేసును రంగనాథ్ గారే నెత్తిన వేసుకున్నారు. రేపు పేషీ. నందు తప్పు ఒప్పుకుంటే చిన్న శిక్షతో గట్టెక్కిస్తానని ఆయన మాటిచ్చారు.

ఇంతలో కారు కోర్టు నుంచి ఇంటికి తిరిగొచ్చింది, బాగు చేయించుకోవచ్చనే అనుమతితో సహా. వకీలు గారి కొడుకు శ్రీపాద ఇంజనుకు గాలి, పెట్రోలు కలిపి పంపే కార్బురేటర్లు పగిలిపోతే వాటి స్థానంలో కొత్త జత తెప్పించి, బిగించడానికి మహేందర్‌ను పిలిచాడు. మహేందర్ బోనెట్ ఎత్తాడు. పాత కార్బురేటర్లు రెంటినీ కలుపుతూ ఒక తళతళలాడే రాడ్ కనిపించింది. ఆ ఇంజనును అన్నదమ్ములిద్దరూ కలిసి బిగించినప్పుడు అక్కడున్నది మామూలు ఇనప రాడ్, ఇది కాదు.

అతను దాని మీదికి వంగి చూస్తుండగానే వెనక గేటు మూసుకుంది. తాళం పడ్డ చప్పుడు కూడా వినిపించింది.

"గేట్ తెరిచిపెడితే గల్లీ అంతా వచ్చి నిలబడతది," అన్నాడు శ్రీపాద, తాళంచెవి జేబులో వేసుకుంటూ. "నీ ఫోన్ కూడా ఇటియ్యి. ఫోటోలు బయటికి పోతే మళ్లీ లొల్లి."

మహేందర్ ఫోను ఇచ్చేశాడు. ఇవ్వనని చెప్పడానికి కారణం ఏదీ తోచలేదు.

అది వకీలు గారి తాతలు గుర్రాలు కట్టిన కొట్టం. ఒక పక్క ఇంటి వరండా, ఇంకో పక్క గల్లీలోకి తెరుచుకునే ఇనప గేటు. రాతి గోడలు ఎంత మందమంటే లోపల ఫోను సిగ్నలు కూడా సరిగా అందదు. పైన వెలుతురు కోసం ఒక్క రోషన్‌దాన్ ఉంది. మధ్యాహ్నపు ఎండ అందులోంచి దిగి కారు మూతి మీద పడింది. వెనక చక్రాలు నేలకు తగలకుండా కారును దిమ్మల మీద ఎత్తి పెట్టారు. గుద్దిన దెబ్బకు లోపలికి పోయిన ముందు భాగాన్ని అప్పటికే సరిచేయించి రంగు వేయించారు. చూసేవాళ్లకు ఆ కారు ఎవరినీ తాకని కారులాగే ఉంది.

మహేందర్‌ది ఆటోలు, స్కూటర్లు బాగు చేసే చేయి. ఈ విలాయతీ బండి అంటే అతనికి మొదటినుంచీ కొంచెం జంకు. నందుకు మాత్రం దానిమీద పిచ్చి. ఇంట్లో బర్రెల కొట్టం పక్కన కూర్చుని కూడా దాని ముచ్చటే. ఆ ఇంజనును విప్పి, కడిగి, బిగించింది నందు. పానాలు అందించింది మహేందర్. వాళ్లతోపాటు నేలమీద కూర్చుని, ఎక్కడెక్కడి వీడియోలో చూసి ఏ ముక్క ఎక్కడ కూర్చోవాలో చెప్పింది శ్రీపాద. ముగ్గురూ ఒకే పళ్లెంలో మిర్చిబజ్జీలు తిన్న రోజులున్నాయి.

"ముందు ఆ రాడ్ తీసెయ్యి," అన్నాడు శ్రీపాద.

మహేందర్ తలెత్తి చూశాడు. కార్బురేటర్లు విప్పే పని ఎవరైనా పెట్రోలు పైపులతో మొదలుపెడతారు. ఆ సంగతి శ్రీపాదకు తనకంటే బాగా తెలుసు.

అంతలో శ్రీపాద ఫోను మోగింది. మాట తెగిపోతుంటే "హలో, హలో" అంటూ అతను వరండా దాటి ఇంటి ముందరి వాకిట్లోకి పోయాడు. ఆదివారం పాత కార్ల ఊరేగింపు ఉంది, అందులో తన కారు ఏ వరసలో నిలబడాలో ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

మహేందర్ ఒక్కడే మిగిలాడు.

జంట కార్బురేటర్ల బండిలో ఆక్సిలరేటర్ తొక్కితే రెండు గొంతులూ ఒకేసారి తెరుచుకోవాలి, కాలు తీస్తే ఒకేసారి మూసుకోవాలి. రెంటినీ కలిపి తిప్పేదే ఆ రాడ్. తెరిచేది మనిషి కాలు, మూసేది స్ప్రింగు. ఇంతవరకు నందు అతనికి నేర్పాడు. మహేందర్ కారులోకి వంగి, పెడల్‌ను అరచేత్తో నేలదాకా నొక్కి వదిలాడు.

పెడల్ పైకి రాలేదు.

అతనికి మొదట అర్థం కాలేదు. బోనెట్ దగ్గరికి వచ్చి చూశాడు. ఆ మెరిసే రాడ్‌కు వేసిన బోల్టు ఉండాల్సిన దానికంటే పొడుగ్గా ఉంది. పెడల్ పూర్తిగా నొక్కేసరికి ఆ బోల్టు తల కార్బురేటర్ల వెనక ఉండే వేడి ఆపే రేకు అంచును ఎక్కి, అవతల పడి, అక్కడే కొక్కెంలా ఇరుక్కుంది. స్ప్రింగు బలమంతా పెట్టి లాగుతోంది. బోల్టు కదలడం లేదు. రెండు కార్బురేటర్లూ నోళ్లు పూర్తిగా తెరుచుకుని అలాగే ఉన్నాయి. మహేందర్ వేలితో రాడ్‌ను చిన్నగా తట్టాడు. టప్పున విడిపోయి వెనక్కి వచ్చింది.

మళ్లీ నొక్కాడు, మళ్లీ ఇరుక్కుంది. తట్టాడు, విడిపోయింది. రేకు అంచున నల్లరంగు లేచిపోయి ఇనుము తెల్లగా కనిపిస్తోంది. కారు గుద్దుకున్న అదురుకు ఇలాగే విడిపోయి ఉంటుంది. అందుకే తర్వాత చూసినవాళ్లకు అన్నీ సవ్యంగానే కనిపించాయి.

మహేందర్ బోనెట్ దగ్గరనుంచి ఇవతలికి వచ్చాడు. కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

జైల్లో మొదటిసారి కలిసినప్పుడు నందు ఇనప జాలీ అవతలినుంచి ఒకటే మాట చెప్పాడు. "అన్నా, నేను కాలు తీసిన. బ్రేక్ మీద నిలవడ్డ. బండి నా మాట ఇనలే." దానికి మహేందర్ ఏమన్నాడు? "అందరు గట్లనే అంటరు రా. వకీల్ సాబ్ చెప్పినట్టు ఒప్పుకో, జల్దీ బయటికొస్తవ్." నందు అన్న ముఖంలోకి చాలాసేపు చూసి, సరే అన్నాడు. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు. పోయినప్పుడల్లా అమ్మ కొమురమ్మ మోకాళ్ల నొప్పి గురించి, బర్రె ఈనిందా లేదా అని మాత్రమే అడిగేవాడు. వాడు బుద్ధి తెచ్చుకున్నాడని మహేందర్ సంతోషించాడు కూడా.

వాడు బుద్ధి తెచ్చుకోలేదు. చెప్పినా నమ్మేవాళ్లు లేరని తెలుసుకున్నాడు, అంతే.

శ్రీపాద తిరిగి వచ్చేసరికి మహేందర్ రాడ్ విప్పి చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"గీ రాడ్ ఎవరేసిండ్రు సార్?"

శ్రీపాద ఫోనులోకి చూస్తూ జవాబిచ్చాడు. "నందే వేశాడు. షో కోసం. ఎందుకు?"

"వాడెయ్యడు సార్. వానికి మెరుపులంటే పడది. ఇది కారు, బారాత్ గుర్రం కాదంటుండె."

"అంటే నేను అబద్ధం చెప్తున్ననా?"

మహేందర్ బోల్టు తలను బొటనవేలితో తడిమాడు. శ్రీపాద ఫోను పక్కన పెట్టి, దగ్గరికి వచ్చి, అతని భుజం మీద చేయి వేశాడు. గొంతు పెంచలేదు. బెదిరించినట్టుగా కాదు, జాలిపడుతున్నట్టుగా మాట్లాడాడు.

"మహేందర్, రేపు పేషీ. నందు కోసం నాన్న ఎంతమంది దగ్గరికి తిరిగారో నీకు తెలుసు. ఇప్పుడు నువ్వు పోయి రాడ్ అని, బోల్ట్ అని మొదలుపెట్టినవనుకో, ఆయన ఏమంటరు? నా మీద నమ్మకం లేకపోతే వేరే వకీలును చూసుకో అంటరు. రేపు పొద్దున్నకు వేరే వకీలు ఎక్కడ దొరుకుతడు నీకు? నందు పక్కన ఎవరు నిలబడతరు?"

ఆ మాటలో అబద్ధం లేదు. అదే మహేందర్‌ను కట్టిపడేసింది. తమ్ముణ్ని ఇరికించిన ఇంట్లోనే తమ్ముణ్ని విడిపించే మనిషి ఉన్నాడు. ఈ గేటు దాటి అరిచినా వినేవాళ్లెవరు? చనిపోయిన శివయ్య భార్య రాజమణి ముఖం చూడలేక తన తండ్రి బాలనర్సింహ పాలు పోసే గల్లీలే మార్చుకున్నాడు. జనం దృష్టిలో వాళ్లది హంతకుడి ఇల్లు.

"చాయ్ పెట్టాను," అని వరండా మీదినుంచి వినిపించింది.

శ్రీపాద తల్లి సూర్యప్రభ. ఎప్పుడు పనికొచ్చినా కొట్టంలోకి దిగి వచ్చి, కప్పు చేతికి అందించి, ఇంటివాళ్ల క్షేమం అడిగే మనిషి. ఈసారి మెట్టు మీద కప్పు పెట్టి అక్కడే నిలబడిపోయింది. మహేందర్ చేతిలోని రాడ్ మీద ఆమె చూపు పడింది. ఏదో అనబోయినట్టు పెదవులు కదిలాయి.

"నువ్వు లోపలికి పో అమ్మా. పెట్రోలు వాసన," అన్నాడు శ్రీపాద.

ఆమె వెళ్లిపోయింది. శ్రీపాద గోనెసంచి నోరు తెరిచి పట్టాడు. మహేందర్ పగిలిన కార్బురేటర్లను అందులో వేశాడు, వాటి మీద రాడ్‌నూ, దాని పొడుగు బోల్టునూ వేశాడు. సాయంత్రం అఫ్జల్‌గంజ్‌లో తుక్కువాడికి ఇచ్చేస్తానన్నాడు శ్రీపాద.

కొత్త జత పని మొదలైంది.

మహేందర్ అతుకుల మధ్య వేసే పాత గ్యాస్కెట్ల పెచ్చులను బ్లేడుతో గీకి తీశాడు. ఇంజను మూతులను గుడ్డతో తుడిచాడు. కొత్త గ్యాస్కెట్లు కూర్చోబెట్టి, అదే పాత రేకును మళ్లీ స్థానంలో పెట్టి, ఒక్కో కార్బురేటర్‌నూ చిన్నపిల్లను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తి అమర్చాడు. నట్లను ఒక పక్కకే బిగించకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ పోయాడు. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి. తమ్ముడి నిర్దోషిత్వానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం గోనెసంచిలో పడి ఉంది. దాన్ని అక్కడికి చేర్చింది తన చేతులే. ఈ కారు మళ్లీ సక్రమంగా పరుగెత్తేలా చేస్తోందీ తన చేతులే. పని ఎంత బాగా కుదిరితే నందు అంత గట్టిగా దోషి అవుతాడు.

ఆపేసి లేచిపోతే? గేటుకు తాళం, ఇంటి దారికి శ్రీపాద అడ్డం. చేయకపోతే? రేపు పేషీ. చేస్తే? అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ ఆ జాలీ, ఆ ముఖం. ఎటు తిరిగినా గోడే.

పెట్రోలు పైపులు తగిలించాక శ్రీపాద ఉత్సాహంగా కీ తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి, అంటుకుంది. రాడ్ ఇంకా కలపలేదు కాబట్టి రెండు కార్బురేటర్లూ దేనికది ఊపిరి పీలుస్తున్నాయి. రెండూ ఒకే లెక్కన పీలిస్తేనే వాటిని జత కట్టాలి. మహేందర్ రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసను ఒక కార్బురేటర్ మూతి దగ్గర పెట్టి ఉస్సుమనే చప్పుడు విన్నాడు. తర్వాత రెండోదాని దగ్గర విన్నాడు.

"ఇటియ్యి, నేను చూస్తా." శ్రీపాద గొట్టం తీసుకుని కళ్లు మూసుకున్నాడు. "వెనకది తక్కువ పీలుస్తుంది. ఆ స్క్రూ కొంచెం తిప్పు. ఇంకొంచెం... ఆపు, ఆపు. మహేందర్, ఇను ఒకసారి!"

మహేందర్ విన్నాడు. రెండు ఊపిరులూ ఒకటయ్యాయి. ఇంజను చప్పుడులో అంతసేపూ ఉన్న తడబాటు పోయి, పెద్దపులి గురకలా హాయిగా, నిండుగా వస్తోంది. శ్రీపాద ముఖం పసివాడి ముఖంలా వెలిగిపోయింది. నేలమీద కూర్చుని బజ్జీలు తిన్నప్పటి ముఖమే అది. ఆ ఒక్క నిమిషం అతణ్ని ద్వేషించడం మహేందర్‌కు చేతకాలేదు.

అప్పుడు బయట గేటు చప్పుడైంది. "శ్రీపాదా!" అని పిలుపు. వకీలు గారు కోర్టు నుంచి త్వరగా వచ్చేశారు.

"రాడ్ ఒక్కటే కదా మిగిలింది? బిగించెయ్యి," అని శ్రీపాద గేటు వైపు పోయాడు.

కొత్త జతతోపాటు వచ్చిన మామూలు ఇనప రాడ్ గుడ్డ మీద ఉంది. గోనెసంచి కాలి దగ్గర ఉంది. మహేందర్ ఇంకేమీ ఆలోచించలేదు. వకీల్ సాబ్ ఒక్కసారి కళ్లతో చూడాలి. బోనెట్ దగ్గరికి పిలిచి, చేత్తో లాగి చూపించాలి. చూసిన తర్వాత ఆయన ఏం చేస్తే అది చేస్తాడు. సంచిలో చేయి పెట్టి మెరిసే రాడ్ తీశాడు. అదే కొలత, అదే మోడల్. ఇంజను నడుస్తుండగానే వేళ్లు కాలుతున్నా అదే బోల్టుతో బిగించేశాడు.

రంగనాథ్ నల్లకోటు చేతిమీద వేసుకుని లోపలికి వచ్చారు. పేషీల ఎండకు వాడిన ముఖం ఇంజను చప్పుడు వినగానే విచ్చుకుంది.

"ఆపకు, ఆపకు! మా నాన్నగారు గల్లీ మలుపు తిరిగారంటే ఈ చప్పుడే చెప్పేది మాకు. పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాళ్లం." కోటు కొడుకు చేతికిచ్చి, కారు తలుపు తీశారు.

"వకీల్ సాబ్, ఒక్క నిమిషం. ముందుగాల ఇటొచ్చి సూడుండ్రి..."

"వస్తా మహేందర్. ఒక్కసారి కూర్చోనీ."

"గట్ల కాదు సార్, ఎక్కకుండ్రి..."

ఆయనకు వినిపించలేదు. సీట్లో కూర్చుని స్టీరింగును ప్రేమగా నిమిరారు. బండి న్యూట్రల్‌లోనే ఉంది. ఆక్సిలరేటర్ మీద కాలు మెల్లగా అదిమారు. ఇంజను గొంతు కొంచెం లేచింది, దిగింది. ఆయన నవ్వారు.

గేటుకు మళ్లీ తాళం వేసి వచ్చిన శ్రీపాద కళ్లు బోనెట్ లోపల మెరుపు మీద పడ్డాయి.

"నాన్నా! తొక్కొద్దు!"

కొత్తగా బిగించిన కార్బురేటర్లు పాడవుతాయని కొడుకు భయపడుతున్నాడనుకున్నారు ఆయన. నవ్వుతూనే పూర్తిగా తొక్కారు.

కొట్టం అదిరింది. ఇంజను గాండ్రింపు రాతి గోడలకు కొట్టుకుని పదింతలై తిరిగి వచ్చింది. రోషన్‌దాన్‌లోని పావురాలు ఒక్కసారిగా లేచాయి. రంగనాథ్ కాలు తీశారు. గాండ్రింపు తగ్గలేదు. కిందికి చూశారు. పెడల్ నేలకు అంటుకుని ఉంది. కింద పాము కనపడ్డట్టు రెండు కాళ్లూ పైకి ముడుచుకున్నారు. వెనక చక్రాలు గాలిలో ఉన్నాయి, బండి ఎక్కడికీ పోదు. అయినా ఆయన రెండు చేతులా స్టీరింగును కరుచుకుని, ఎదురుగా గోడ మీదికి దూసుకుపోతున్నట్టు కళ్లు పెద్దవి చేసుకుని చూస్తున్నారు. కారు కీ కళ్ల ముందే వేలాడుతోంది. ఆయనకు గుర్తుకు రాలేదు.

మహేందర్ బోల్టు కోసం చేయి చాచాడు. అంతకుముందే శ్రీపాద కారు తలుపు మీదుగా దూకి కీ తిప్పేశాడు.

చెవుల్లో హోరు తప్ప ఏమీ మిగల్లేదు.

"కాలు తీస్తే ఆగదు నాన్నా," శ్రీపాద రొప్పుతున్నాడు. "కీ తిప్పాలె. ఆ రోజు నేను గూడ కీ తిప్పితేనే..."

ఆగిపోయాడు. ఆలస్యమైపోయింది.

రంగనాథ్ నెమ్మదిగా కాళ్లు కింద పెట్టారు. "ఏ రోజు?"

శ్రీపాద చేయి ఇంకా కీ మీదే ఉంది.

"ఏ రోజు శ్రీపాదా?"

"ముందు రోజు." గొంతు సన్నగా వచ్చింది. "అమ్మను గుడికి తీస్కపోయి వస్తుంటే, జియాగూడ దగ్గర. ఒక్కసారిగా ఉరికింది. కీ తిప్పిన, ఆగింది. ఇంటికొచ్చి చూస్తే అన్నీ మంచిగనే ఉన్నయి. ఆ రాడ్ నేనే తెప్పించిన నాన్నా, నేనే బిగించిన. నందుకు తెలిస్తే నవ్వుతడని వాడు లేనప్పుడు బిగించిన. పొద్దున లేచి చెబుదామనుకున్న. నేను లేచేవరకే వాడు బండి తీస్కపోయిండు."

"నేనే పంపాను," అన్నారు రంగనాథ్. "పెట్రోలు పోయించుకు రమ్మని నేనే లేపి పంపాను."

"తర్వాత చెబుదామంటే..." శ్రీపాద ముఖం చేతుల్లో దాచుకున్నాడు. "తర్వాత చెప్తే నేను పోత కద నాన్నా లోపలికి."

మహేందర్ గోడకు ఆనుకుని కిందికి జారాడు. కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు. శివయ్య చావుకు అడ్డం పడటానికి ఒక్క మాట చాలు. బండి జాగ్రత్త రా నందూ అన్న ఒక్క మాట. ఆ మాట ఒక మనిషి నిద్ర లేవడం కోసం ఆగింది.

"వకీల్ సాబ్," అన్నాడు. "రేపు నా తమ్ముడు తప్పు ఒప్పుకుంటడు. మీరు జెప్పిండ్రని. నేను గూడ జెప్పినని. ఇప్పుడేం జేద్దామో చెప్పుండ్రి."

రంగనాథ్ చూపు వరండా వైపు తిరిగింది. ఇంజను అరుపుకు పరుగెత్తుకొచ్చిన సూర్యప్రభ స్తంభం పట్టుకుని నిలబడి ఉంది.

"నీకు తెలుసా?" అని అడిగారు భార్యను.

"నేను బండిలోనే ఉన్నాను కదా," అంది ఆమె.

ఆయన తల ఒక్కసారి ఊగింది. ఎన్నో ఏళ్లుగా ఎదుటివాళ్ల సాక్షులను ఒక్క చూపుతో తడబెట్టిన మనిషి, తన ఇంట్లో తనకు తప్ప అందరికీ తెలిసిన సంగతి ముందు కూర్చుండిపోయారు. జైలుకు వెళ్లి, నందును ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీ మంచికే చెబుతున్నాను ఒప్పుకో అన్నది ఆయనే.

కారు తలుపు తీసుకుని దిగారు. నిలబడ్డాక గొంతు కోర్టు గొంతు అయిపోయింది.

"మహేందర్, ఆ రాడ్ విప్పు."

మహేందర్ లేచాడు. గుడ్డ అడ్డం పెట్టుకుని వేడి బోల్టు విప్పాడు. రాడ్ చేతిలోకి వచ్చింది.

"నా చేతికియ్యి."

"ఎందుకు సార్?"

"ఇయ్యమన్నాను కదా."

శ్రీపాద లేచి వెళ్లి గేటుకు వీపు ఆనించి నిలబడ్డాడు. "నాన్నా, ఇతను బయటికి పోతే..."

"నువ్వు నోరు ముయ్యి." రంగనాథ్ కొడుకు వైపు తిరగలేదు. చాచిన అరచేయి దించలేదు. "నా మీద నమ్మకం ఉందా లేదా మహేందర్?"

అడుగుతున్నది నందు వకీలా, శ్రీపాద తండ్రా? మహేందర్ ఆ ముఖంలో ఎంత వెతికినా తెలియలేదు. బహుశా ఆయనకూ తెలియదు. ఇన్నాళ్లూ నమ్మి నమ్మి అలవాటైపోయిన చేయి దానంతటది లేచింది. రాడ్ ఆ అరచేతి మీదికి వెళ్లబోతోంది.

"ఇవ్వకు మహేందర్."

సూర్యప్రభ మెట్లు దిగింది. చెప్పులు లేని కాళ్లతో నూనె మరకల మీదుగా నడిచి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. భర్త కళ్లలోకి చూసింది.

"మీరు కోర్టుకు పోయాక నేను బేగంబజార్ వెనక శివయ్య ఇంటికి పోయి వచ్చాను. రాజమణి ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. ఎవరు బిగించారో, ఎవరికి తెలుసో, ఎవరు చెప్పలేదో. నా పేరుతో సహా."

శ్రీపాద "అమ్మా" అన్నాడు. అది మాటలా లేదు.

రంగనాథ్ చేయి మెల్లగా కిందికి దిగింది. "ఆమె ఏమంది?"

"ఏమీ అనలేదు," అంది సూర్యప్రభ. "లేచి చెంగు దులుపుకుని, మీ ఇల్లు ఎక్కడని అడిగింది. చెప్పి వచ్చాను."

బయట గేటును ఎవరో అరచేత్తో బాదారు. ఒక్క చేయి కాదు. వెంటనే మరికొన్ని, మూటలు మోసిన హమాలీల చేతులు.